ఎడమకి తిరుగుతున్నామయ్యా

మూడోసారి కూడా చెక్కలు రెండూ బోర్లానే పడ్డాయి.

చువా కిమ్‌హువా నడుం పట్టుకుని వంగి వాటిని ఏరుకుంది. నెలవంకల్లా ఒంపు తిరిగిన ఎర్రటి చెక్కలవి, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే పోయినవాళ్ళు అవునన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టే, దానికి ఇంక వేరే అర్థం లేదు. ఆమె అడిగిందల్లా ఒక్క మాట: తమ్ముడూ, వచ్చావా అని. తమ్ముడి అస్థికల రాతి జాడీ ఎదురుగా బల్ల మీదే ఉంది. జాడీకి ఆనించిన ఫొటోలో కోక్తిన్ ఐసు ఫ్యాక్టరీ టోపీ పెట్టుకుని, ఎవరో చెబుతున్న హాస్యం పూర్తికాకముందే నవ్వేసినవాడిలా ఉన్నాడు. మనిషి మాత్రం రాలేదు.

ఆమె వెనక హియెన్, అస్థికల మీద ఎండ పడకూడదని తెచ్చిన నల్ల గొడుగు పట్టుకుని నిలబడింది. కోక్తిన్ ఆమె మొగుడు. కిమ్‌హువా ఆడపడుచు, డెబ్బై దాటిన మనిషి, ఈ ల్యూచ్యూ దీవిలోనే ఉంటుంది. పోయే ముందు కోక్తిన్ అడిగింది ఒక్కటే, తన్ని దీవికి తీసుకెళ్ళి మనవాళ్ళ మధ్య పెట్టమని. ఎండలు ముదిరేదాకా ఆగి, మంచి రోజు చూసుకుని, హియెన్ ఈ పొద్దున్నే తాంగ్‌కాంగ్ రేవులో పడవెక్కి ల్యూచ్యూకి తీసుకొచ్చింది.

అస్థికల మందిరం చూసుకునే హోంగ్ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. గోడ నిండా పావురాల గూళ్ళలాంటి అరలున్నాయి. జాడీని అరలో పెట్టడం ఎంతసేపు, కాని మనిషి వచ్చినట్టు తేలకుండా పెడితే అది ఉత్త రాయిని పెట్టినట్టే కదా అన్నాడు. పొద్దు గుంకేదాకా తలుపు తీసే ఉంచుతానని, ఆ తరవాత తన చేతుల్లో లేదని చెప్పి, చల్లారిపోతున్న టీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనే పొద్దున వాళ్ళు రాగానే ఒంటి అరా, ఆలుమగలకి జంట అరా అని అడిగాడు. హియెన్ నోరు తెరిచేలోపే కిమ్‌హువా ఒంటిదేనని చెప్పేసింది.

"దారంతా చెప్పావా?" అంది కిమ్‌హువా, వెనక్కి తిరక్కుండానే.

"చెప్పాను వదినా."

"పడవ దిగేటప్పుడు?"

"అప్పుడూ చెప్పాను."

"గట్టిగా చెప్పావా, నీలో నువ్వు గొణుక్కున్నావా? ఆ ఇంజను మోతకి బతికున్నదాన్ని నాకే ఏం వినపడదు."

పోయినవాళ్ళకి దారి కనపడదు. తీసుకెళ్ళేవాళ్ళే మలుపు మలుపుకీ చెప్పాలి, వంతెనొస్తే వంతెనని, పడవైతే ఎక్కమని, దిగమని. ఒక్కచోట చెప్పడం మరిచిపోతే అక్కడే ఆగిపోతారు. తాంగ్‌కాంగ్ పురోహితుడు ఏమనాలో ఆమెకి నేర్పించాడు. 'చువా కోక్తిన్ గారూ, పడవ ఎక్కుతున్నాం, దయచేసి రండి.' 'చువా కోక్తిన్ గారూ, పడవ దిగుతున్నాం, దయచేసి రండి.' వియత్నాం యాస ఎక్కడ దొర్లుతుందోనని వారం రోజులు కూరలు తరుగుతూ వల్లె వేసింది. ఇవాళ పడవలో జనమంతా తిరిగి చూస్తున్నా సిగ్గుపడకుండా గట్టిగా అంది. ఒక్క మలుపు కూడా వదల్లేదు. అయినా రాలేదంటే, వినపడక కాదు, పిలిచింది తను గనక రాలేదనే అనుకోవాలి.

కిమ్‌హువా కూడా ఇంచుమించు ఆ మాటే అంది, కాకపోతే ఇంకో వైపు నుంచి. సాయంత్రానికి తేలకపోతే జాడీని ఆఖరి పడవలో తాంగ్‌కాంగ్ తీసుకుపోవాలి. రేపు బున్‌కీ వచ్చి తీసుకొస్తాడు. బున్‌కీ అంటే కిమ్‌హువా వాళ్ళ బాబాయికి మనవడు, చువా ఇంటిపేరువాడు, మగపిల్లాడు. వాడు పిలిస్తే ఎందుకు రాడో చూద్దాం అంది.

బున్‌కీ కోక్తిన్‌ని రెండుసార్లు చూసి ఉంటాడు. రెండోసారి ఎవరీయన అని అడిగాడు కూడా. వాడు పిలిస్తే కోక్తిన్ లేచి వెళ్ళి, ఇరవై ఏళ్ళకి పైగా పక్కనున్న తను పిలిస్తే పలక్కపోతే, ఆ ఇరవై ఏళ్ళూ ఏమైనట్టు? వాళ్ళకి పిల్లలు లేరు. అన్నేళ్ళూ ఒక మాట మీద నడిచాయని సాక్ష్యం చెప్పడానికి జాడీలోని మనిషి తప్ప ఎవరూ లేరు. హియెన్ గొడుగు ముడిచి, "ఇంకా పొద్దుంది వదినా. రేవు దగ్గర ఇంకోసారి పిలుస్తాను," అంది.

కిమ్‌హువా ఆమెను ఎగాదిగా చూసి, హోంగ్‌ని అడిగి చెక్కలు చేతిరుమాల్లో కట్టుకుంది. జాడీని తనే ఎత్తుకుంది.

రేవులో మధ్యాహ్నం పడవ ఖాళీ అవుతోంది. కుర్రకారు ఈత కళ్ళద్దాలు మెళ్ళో వేసుకుని, ఫోన్లు ఎత్తి పట్టుకుని దిగుతున్నారు. ఆ సందడిలో నిలబడి హియెన్ పురోహితుడు నేర్పిన మాట మళ్ళీ అంది, మళ్ళీ మళ్ళీ అంది. కిమ్‌హువా సిమెంటు గట్టు మీద చెక్కలు వేసింది. బోర్లా.

ఆమె కాసేపు సముద్రం వైపు చూసి, పళ్ళు నూరుతున్నట్టు దవడ ఆడించింది. తరవాత, వీడు చిన్నప్పుడూ ఇంతే అంది. బడి వదిలితే ఏనాడూ తిన్నగా ఇంటికి రాలేదు, దీవి మొత్తం ఒక చుట్టు చుట్టి ఆకలేసినప్పుడు వచ్చేవాడు. ఇప్పుడూ పడవ దిగే ఉంటాడు. దిగి, మనల్ని వదిలేసి, తన దారిన తను పోయి ఉంటాడు.

"పద," అంది. "ఎక్కడ తిరుగుతున్నాడో చూద్దాం."

చూడ్డానికి బండి కావాలి. కంట్లో శుక్లాలు తీయించుకున్నాక డాక్టరు కిమ్‌హువాని స్కూటరు ముట్టుకోవద్దన్నాడు. హియెన్ జీవితంలో సైకిలు తప్ప ఏదీ తొక్కలేదు. రేవు ఎదురుగా వరసగా ఉన్న అద్దె కొట్లలో చివరిది సియోక్ అనే ఆవిడది, లైసెన్సు అక్కర్లేని కరెంటు బళ్ళు ఆమె దగ్గరున్నాయి. బాతుపిల్ల రంగులో, మూడు చక్రాలతో, ముందొకరు వెనకొకరు కూచునే బండిని బయటికి లాగింది. కుడి చెయ్యి మెలిపెడితే పోతుంది, వదిలేస్తే ఆగుతుంది, మనిషి పరిగెత్తినంత జోరు, అంతకు మించి దానికి చేతకాదంది.

చెబుతూనే ఆమె చూపు కిమ్‌హువా చేతుల్లో గుడ్డ చుట్టిన జాడీ మీద, హియెన్ చేతిలో నల్ల గొడుగు మీద పడింది. కిమ్‌హువా గడ్డం ఎత్తి, బళ్ళో పోయినవాళ్ళని ఎక్కించుకోరేమో ముందే చెప్పు అన్నట్టు చూసింది. సియోక్ లోపలికి వెళ్ళి, చెడు తగలకుండా ఎర్రగుడ్డ పీలిక తెచ్చి బండి పిడికి కట్టింది. ఎవరని అడిగింది. తమ్ముడని చెప్పారు.

"ఛార్జింగు నిండుగా లేదు. లైట్‌హౌసు ఎత్తు దగ్గర కొంచెం బుజ్జగించి ఎక్కించండి," అంది. "తొందరేం లేదు. బాగా తిప్పండి ఆయన్ని."

మొదటి ఫర్లాంగు హియెన్ ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని నడిపింది. వెనక కిమ్‌హువా ఒక చేత్తో జాడీని పొదువుకుని, ఇంకో చేత్తో జాడీకి నీడగా గొడుగు పట్టుకుంది. గాలి మలుపులో గొడుగు తిరగబడింది. దాన్ని సరిచేస్తూ, మెల్లిగా పోనివ్వు, వీడు పోయింది చాలదా, నన్ను కూడా ఇవాళే అరలో పెట్టిస్తావా అంది. ఆమెకి అరవకుండా మాట్లాడ్డం రాదు. వియత్నాం పిల్లా అని పిలవడం పెళ్ళినాడు మొదలుపెట్టింది, హియెన్‌కి నలభై దాటినా మానలేదు.

దారి మలుపు తిరిగినప్పుడల్లా హియెన్ అంటూనే ఉంది. చువా కోక్తిన్ గారూ, కుడివైపు తిరుగుతున్నాం, దయచేసి రండి.

పూలకుండీ రాయి దగ్గర ఆపారు. అడుగున సన్నగా, పైన లావుగా, నెత్తిన పొదలు మొలిచి నీళ్ళలో నిలబడ్డ రాయి అది. జనం దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. రాయికి అవతల నీళ్ళలోంచి ఒక తాబేలు తల పైకెత్తి, గాలి పీల్చుకుని, ఎవరూ పిలవకుండానే లోపలికి పోయింది. కిమ్‌హువా చెక్కలు వేసింది. బోర్లా.

"పోన్లే," అంది, చాలాసేపటికి. గట్టు మీద కూచుని కాళ్ళు చాపింది. అప్పుడు చెప్పింది ఆ సంగతి.

వాళ్ళమ్మ పోయేనాటికి కోక్తిన్ పాకుతున్నాడు. నాన్న చేపల పడవలో పోతే నెలల తరబడి రాడు. కిమ్‌హువాయే వాణ్ణి వీపుకి కట్టుకుని రాళ్ళ మధ్య నాచు ఏరేది. వాడికి ఆరో ఏడో ఉన్నప్పుడు ఒక రోజు కనపడకుండా పోయాడు. ఊరంతా వెతికారు, గుళ్ళో గంట కొట్టారు, సముద్రంలోకి పోయాడేమోనని పడవలు దించారు. అందరూ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. చివరికి కిమ్‌హువాకి గొంతు పోయి, ఇసుకలో కూలబడి, ఇంక పిలవడం మానేసి, చెరుకుపాకం పట్టిన ముడి జంతిక ఒకటి ఇంట్లో మిగిలింది, వాడెలాగూ లేడు, నేనే తినేస్తాను అని పైకే గొణుక్కుంది. ఆ మాటకి పక్కనే బోర్లించిన పడవ కింది నుంచి వాడు తల బయట పెట్టాడు.

"అంతసేపు పిలుస్తుంటే పలకలేదేరా అని వీపు చీరేశాను. ఏమన్నాడో తెలుసా? అందరూ పిలుస్తుంటే వినడానికి బాగుందక్కా అన్నాడు."

హియెన్‌కి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి కోక్తిన్ ఎప్పుడూ చెప్పలేదు. దీవి గురించి చెప్పమంటే, ఒకటే రోడ్డు, చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది, అంతేననేవాడు.

మళ్ళీ ఎక్కారు. గుహల పక్కనుంచి, సాసేజీలు కాల్చే కొట్ల పక్కనుంచి, రోడ్డు పైకీ కిందికీ పోతోంది. ముడి జంతికల కొట్టు ముందు కిమ్‌హువా బండి ఆపించి ఒక పొట్లం కొంది. ఒకటి జాడీ మూత మీద పెట్టి, ఎండకి పాకం కరిగి గుడ్డకి అంటుకుంటుంటే తీసి తనే తినేసింది. ఇదివరకు ఈ ఎత్తు పారింది కదా అంది. ఈసారి పారలేదు. చెక్కలు మళ్ళీ బోర్లానే పడ్డాయి. ఆమె జంతిక నమలడం మెల్లిగా ఆగిపోయింది.

ఆమె మొహం చూసి హియెన్‌కి రేపటి బున్‌కీ సంగతి తలపుకొచ్చింది. పొద్దు పడమటికి వాలుతోంది. నీళ్ళ మీద వెలుగు పచ్చబడింది.

లైట్‌హౌసు ఎత్తు దగ్గర బండి నిజంగానే మొరాయించింది. హియెన్ దిగి, ఒక చేత్తో పిడి మెలిపెడుతూ, ఒక చేత్తో తోస్తూ నడిచింది. దిగుతానన్న కిమ్‌హువాని, జాడీతో పడితే ఎవర్ని ఎత్తుకోవాలో తెలీదు, కూచోండి అని దిగనివ్వలేదు. పైకి వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎక్కి కూచుని అవతలి దిగుడు మొదలుపెట్టింది. బండికి ఒక్కసారిగా హుషారొచ్చింది. రోడ్డు సన్నం, రెండు వైపులా కలబంద, కింద మలుపు. మలుపు దగ్గర ఇసుక పేరుకుని ఉంది. ఎదురుగా నలుగురు కుర్రాళ్ళు కరెంటు స్కూటర్ల మీద, తప్పు వైపు నుంచి, పాటలు పాడుకుంటూ పైకొస్తున్నారు.

"ఏవయ్యా, ఎడమకి, ఎడమకి!" అంది హియెన్. "అటు కాదు, నీ ఎడమ కాదు, అసలు ఎడమ. ఇసక చూసుకో. ఆఁ, మెల్లిగా... వాళ్ళని పోనీ ముందు. ఎవడి పెళ్ళికి పోవాలని నీకంత తొందర? అదీ. ఇప్పుడు తిప్పు."

అంటూ తనే తిప్పింది. కుర్రాళ్ళు ఒరుసుకుంటూ పోయారు. బండి అటూ ఇటూ ఊగి, కింద చదునులోకి వచ్చి నెమ్మదించింది.

వెనక నుంచి చప్పుడు లేదు. హియెన్ భయపడి తిరిగి చూసింది. కిమ్‌హువా గొడుగు ఎప్పుడో వదిలేసింది, అది వెనక పొదలో చిక్కుకుని ఉంది. రెండు చేతులతో జాడీని రొమ్ముకి అదుముకుని, తనకేసే చూస్తోంది.

"వాడితో ఇలాగేనా మాట్లాడేదానివి?"

హియెన్ సిగ్గుపడిపోయింది. నోరు జారిందని, అలవాటని చెప్పబోయింది. ఏం అలవాటని కిమ్‌హువా అడిగింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

కోక్తిన్‌కి నేల మీద దారి తెలిసేది కాదు. పదిహేనో ఏట పడవెక్కినవాడు, సముద్రంలో ఎక్కడ వదిలేసినా నీటి రంగు చూసి ఎక్కడున్నాడో చెప్పేవాడు. సముద్రం మానేసి తాంగ్‌కాంగ్ ఐసు ఫ్యాక్టరీలో చేరాక, ఆ ఊరి సందులు అతని బుర్రకి ఎక్కలేదు. పెళ్ళయిన వారానికి కాగితాల పనుందని ఆఫీసుకి బయల్దేరదీసి, ఒక బాతుల ఫారానికి తీసుకెళ్ళాడు. అక్కడ దిగి, మూసేసినట్టున్నారే అన్నాడు. హియెన్ సైకిలు మీద భోజనం డబ్బాలు వేస్తూ మూణ్ణెల్లలో సందు సందు నేర్చుకుంది. ఆ రోజు నుంచీ అతను స్కూటరు నడిపేవాడు, ఆమె వెనక కూచుని చెవిలో చెప్పేది. ఇప్పుడు కుడికి, ఇప్పుడు ఎడమకి, గుంత చూసుకో, గుడి దాటాక తిప్పు. తెలిసిన దారిలో కూడా చెప్పమనేవాడు. ఒకసారి ఆమె కోపమొచ్చి చెప్పకపోతే, కూడలిలో దీపం పచ్చబడినా కదలకుండా అలాగే నిలబెట్టేశాడు, వెనకాల లారీలన్నీ హారన్లు కొడుతుంటే.

"ఇరవై ఏళ్ళు?" అంది కిమ్‌హువా.

"ఇరవై ఏళ్ళ పైనే."

"మాకు ఒక్క ముక్క చెప్పలేదు వీడు. దారి తెలీదని." ఆమె జాడీకేసి చూసింది, దొంగతనం బయటపడ్డవాడిని చూసినట్టు. "ఎలా తెలుస్తుందిలే. ఇక్కడ ఒకటే రోడ్డు. తప్పిపోవాలన్నా కుదరదు." హియెన్ వైపు తిరిగి అడిగింది. "మరి పడవలో ఏమని పిలిచావు?"

పురోహితుడు చెప్పినట్టే పిలిచానంది హియెన్. ఆ మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది, గారూ, దయచేసి, అన్నీ కలిపి.

కిమ్‌హువా మొహం ముడుచుకుని, వణికి, ఒక్కసారిగా విచ్చుకుంది. నవ్వు ఆపుకోలేక జాడీ మీదికి వంగిపోయింది.

"గారూ అనా? వీణ్ణా? ఈ జన్మలో వీణ్ణి ఎవరన్నా గారూ అన్నారంటే అది పోలీసులే అయ్యుంటారు. ఎవర్ని పిలుస్తున్నారో అనుకుని వెనక్కి తిరిగి చూసుంటాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని." కళ్ళు తుడుచుకుంది. నవ్వు పోయాక ఆమె గొంతు మారింది. "తప్పు నాది కూడా. నేనూ జుట్టు సర్దుకుని, పెద్దమనిషిలా అడిగాను, వచ్చావా అని. అలా అడిగితే వీడు ఎప్పుడు చెప్పాడు గనక."

హియెన్ చెక్కల కోసం చెయ్యి చాపింది. కిమ్‌హువా ఇవ్వలేదు. ఇప్పుడు అడగొద్దంది. వెనక్కి తిప్పు, రేవుకి పోదాం, అక్కణ్ణించి వీడికి మొదట్నుంచీ దారి చెప్పు, నీకు అలవాటైనట్టే చెప్పు అంది.

వచ్చిన రోడ్డే ముందుకి పోతే రేవు వస్తుంది, వెనక్కి తిప్పక్కర్లేదు. హియెన్ ఆ సంగతి ఆమెతో అనలేదు. ముందుకే పోనిచ్చింది.

రేవులో బండి దిగకుండానే నీళ్ళ అంచుదాకా తీసుకెళ్ళింది. సాయంత్రం పడవ అప్పుడే కట్టారు. జనం దిగిపోయారు, ఒకాయన తాడు చుడుతున్నాడు. ఇంట్లో తలుపు చాటున అనే మాట, నలుగురిలో అనడం ఎలాగో హియెన్‌కి తెలియలేదు. వెనక ఒక ముసలి వేలు ఆమె వీపులో పొడిచింది.

"ఏవయ్యా," అంది హియెన్. "ఎంతసేపు కూచుంటావు అక్కడే? పొద్దుట్నుంచి అటూ ఇటూ తిరిగి టికెట్టు డబ్బులు ఇంకా కిట్టలేదా? దిగు. మెట్టు తడిగా ఉంది, చూసుకో." ఊపిరి తీసుకుంది. "అక్క వచ్చింది. బండి నేనే నడుపుతున్నాను, నవ్వకు. నువ్వు వెనక కూచో."

తాడు చుట్టే ఆయన తల ఎత్తి, మెట్టు దారికి అడ్డంగా ఉన్న బుట్టని పక్కకి జరిపాడు.

ఇక ఆమె ఆపలేదు. మందిరం వైపు ఎత్తు మొదలైనప్పుడు ఎడమకి తిరుగుతున్నామయ్యా అంది. సియోక్ కొట్టు దాటుతుంటే, బండి ఈవిడదేనంది. బడి గోడ వస్తే, ఇదేనా నువ్వు దూకి పారిపోయిన గోడ అని అడిగింది. వెనక నుంచి కిమ్‌హువా, అది కాదు, పాత గోడ కూలిపోయింది, వీడి దూకుళ్ళకే కూలిందంది. ఇంకో మలుపు దగ్గర హియెన్‌కి మాట తట్టకపోతే, కిమ్‌హువాయే జాడీ మీద చెయ్యేసి, కుడికిరా అంది. అనేసి చెయ్యి తీయలేదు. ఈ రాయి ఎండలో తిప్పినా చల్లగానే ఉందే అంది. హియెన్, ఆయన చేతులూ అంతే వదినా, ఐసులో పనిచేసి వచ్చి నా మెడ మీద పెట్టేవాడంది. మలుపు వచ్చింది గనక హియెన్ మళ్ళీ మొదలుపెట్టింది.

హోంగ్ ముసలాయన తలుపు ఒక రెక్క మూసి, రెండో రెక్క పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళని చూసి, మూసిన రెక్క కూడా తెరిచాడు. జాడీ బల్ల ఎక్కింది. ఫొటో ఆనించారు. కిమ్‌హువా రుమాలు ముడి విప్పి చెక్కలు తీసి, తన అరచేతిలో కాసేపు పట్టుకుని, హియెన్ చేతిలో పెట్టింది.

"నువ్వే అడుగు."

హియెన్ మోకాళ్ళ మీద కూచుంది. ఏమని అడగాలో ఎంత ఆలోచించినా తోచలేదు, చివరికి నోటికి వచ్చిందే అడిగింది.

"ఏవయ్యా, వచ్చినట్టేనా?"

చెక్కలు బండమీద పడి, దొర్లి, ఆగాయి. రెండూ వెల్లకిలా, చదును వైపు పైకి.

హోంగ్ వంగి చూశాడు. ఇది అవునూ కాదు, కాదూ కాదు. ఇలా పడితే అవతలివాళ్ళు నవ్వుతున్నట్టు.

"చూశావా," అంది కిమ్‌హువా. "పడవ కింద కూచుని వింటున్నాడు వెధవ. ఇప్పుడే తల బయట పెట్టాడు."

హియెన్ చెక్కలు మళ్ళీ తీసుకుంది. ఈసారి ఏమీ అడగలేదు. ఫొటోలో మొహం వైపు, టోపీ కింద అతను ఎప్పుడూ దువ్వని జుట్టు వైపు చూసింది. ఇంక పద, వాళ్ళు తలుపేసుకోవాలి అంది, అంతే, పెళ్ళివారింట్లోంచి లేవదీసినట్టు. చెక్కలు వదిలింది.

ఒకటి బోర్లా పడింది. ఇంకొకటి అంచు మీద గిర్రున తిరిగి, తిరిగి, వెల్లకిలా పడుకుంది.

తరవాత హోంగ్ తాళంచెవుల గుత్తి తీసి, పొద్దున చెప్పిన ఒంటి అర వైపు నడిచాడు. కిమ్‌హువా ఆయన్ని ఆపింది.

"అది కాదు. జంటది చూడండి."

జంట అరలు పై వరసలో ఉన్నాయి, మీ మోకాళ్ళకి ఎక్కి దిగడం కష్టమన్నాడాయన. నా మోకాళ్ళతో మీకేం పని, పక్కన ఉండబోయేది నేను కాదుగా అంది కిమ్‌హువా. హియెన్ వైపు చూడకుండా, జాడీ గుడ్డకి అంటిన పాకం గోటితో గీకుతూ అంది. "వీడికి దారి తెలీదు. అక్కడ కూడా ఎవరో ఒకరు పక్కనుండి చెప్పాలి కదా. నువ్వు నిదానంగా రా. తొందరేం లేదు. అప్పటిదాకా ఉన్నచోటే కూచుంటాడు, దీపం పచ్చబడినా కదలడు."

హియెన్ తనే నిచ్చెన ఎక్కింది. జాడీని లోపల ఎడమ పక్కకి జరిపి పెట్టింది. కుడి పక్క ఖాళీ అర, చీకటిగా, చల్లగా ఉంది. అందులో చెయ్యిపెట్టి ఒకసారి తుడిచి దిగింది.

బయటికి వచ్చేసరికి పొద్దు గుంకింది. పడవల దీపాలు వెలిగాయి. బండి దాని శాయశక్తులా ముందుకి పాకుతోంది, నడిచేవాళ్ళు దాటిపోతున్నారు. వెనక కిమ్‌హువా ఒడి ఖాళీగా ఉంది, రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఆఖరి పడవ వెళ్ళిపోయింది, రాత్రికి తన ఇంట్లోనే పడుకోమంది. పొద్దున పొదలోంచి గొడుగు తెచ్చుకోవాలని కూడా అంది.

మలుపు వచ్చింది. హియెన్ అలవాటుగా, "కుడికి," అనేసి, ఎవరికి చెబుతున్నానా అని నాలుక కరుచుకుంది.

కిమ్‌హువా ముందుకి జరిగి ఆమె నడుం పట్టుకుంది.

"చెబుతూ ఉండు హియెన్. పొద్దుగుంకితే నాకూ సరిగ్గా కనపడదు."